ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి, పరీక్ష భాష మరొకటి: పై చదువుల ప్రవేశ పరీక్షలకు మన పిల్లల తయారీ



ఏటా ఈ సంచికలో పదో తరగతి పిల్లల గురించి రాస్తూ వస్తున్నాం. ఈసారి డిగ్రీ, బి.టెక్ పూర్తిచేసి ఇంకా పైకి చదవాలనుకునే పిల్లల గురించి రాయమని కమిటీ పెద్దలు అడిగారు. మీరిచ్చిన డబ్బులో కొంత వీళ్ల పరీక్ష ఫీజులకు పోతున్నది. ఆ పరీక్షలేమిటో, మన పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో, వాళ్లను తయారుచేసే మేము ఎక్కడ పొరబడ్డామో మీకు తెలియడం న్యాయం. అందుకని పొరబాటుతోనే మొదలుపెడతాం.

రెండేళ్ల కింద మా సాయంత్రం తరగతికి వచ్చే ఒక అబ్బాయికి జీఆర్‌ఈ ఫీజు సొసైటీ తరఫున కట్టాం. తండ్రికి పంక్చర్ల దుకాణం. ఫారం మేమే దగ్గర కూర్చుని నింపించాం. పదో తరగతి మెమోలో పేరు ముందు 'ఎండి' అని ఉంది, అదే ఎక్కించాం. పాస్‌పోర్టులో మాత్రం 'మొహమ్మద్' అని పూర్తిగా ఉంది. తెల్లవారుజామున మొదటి బస్సుకు హైదరాబాద్ పోయాడు. పరీక్ష కేంద్రంలో రెండు పేర్లూ కలవలేదని లోపలికి రానీయలేదు. వాళ్లను తప్పు పట్టే పని లేదు, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టుగా పేరు ఉండాలన్నది ఆ పరీక్ష నియమం. అది చదవనిది మేము. ఆ ఫీజు మళ్లీ రాలేదు. 20 వేల రూపాయల పైమాట. అది మీ జేబులోంచి వచ్చిన డబ్బు.

ఆ సాయంత్రం పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. ఆరు నెలలు కష్టపడినదంతా పోయిందని ఏడుస్తాడనుకున్నాం. "సార్, ఆ పైసలు నెలనెలా నేనే కట్టేస్తా, ఎవరికీ చెప్పకండి" అన్నాడు. కట్టవలసిన పని లేదని నచ్చజెప్పి పంపాం గాని, ఆ మాట మాకు నేటికీ గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఇది నలుగురికీ తెలిసేలా రాస్తున్నాం.

మనవాళ్ల పేర్లలో ఈ చిక్కు చాలా లోతుగా ఉంది. మెమోలో 'ఎండి', ఆధార్‌లో 'మొహమ్మద్', రేషన్ కార్డులో 'మహమ్మద్', డిగ్రీ సర్టిఫికెట్‌లో మళ్లీ ఇంకొక తీరు. 'ఎస్‌కె' అని రాసిన షేక్‌లు, ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు చాలానే చూశాం. పాస్‌పోర్టులో పేరు గడి ఖాళీగా ఉండి మొత్తం ఇంటిపేరు గడిలో పడితే, అమెరికా వీసా మీద పేరు ఉండవలసిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని అచ్చవుతుంది. పేరు తెలియదని దాని అర్థం. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు, తీరా చూస్తే 'తెలియదు'! కాబట్టి పరీక్ష పుస్తకం కొనకముందే పాస్‌పోర్టు తీయించాలి. మామూలు పాస్‌పోర్టుకు 1,500 రూపాయలే. ఇప్పుడు మా దగ్గర చేరేవాళ్లకు మొదటి రోజు పాఠం ఇంగ్లీషు కాదు. అన్ని కాగితాలూ బల్ల మీద పరిచి పేర్లు సరిచూసుకోవడం.

ఇక పరీక్షల సంగతి. జీఆర్‌ఈ అమెరికాలోనూ మరికొన్ని దేశాల్లోనూ ఎం.ఎస్. వంటి చదువుల ప్రవేశానికి అడిగే పరీక్ష. 1936 నుంచి ఉన్నది. 2023 సెప్టెంబరులో దీన్ని బాగా కుదించారు. ఇప్పుడు మొత్తం గంటా 58 నిమిషాలే. ఒక వ్యాసానికి 30 నిమిషాలు. ఇంగ్లీషు భాగంలో 27 ప్రశ్నలు, లెక్కల భాగంలో 27 ప్రశ్నలు, ఒక్కొక్కటీ రెండు విడతలుగా వస్తాయి. మొదటి విడత బాగా రాస్తే రెండో విడత కష్టంగా వస్తుంది, అది మంచి గుర్తే, బెదిరిపోకూడదు. ఒక్కో భాగానికి 130 నుంచి 170 వరకు మార్కులు. తప్పు జవాబుకు కోత లేదు, కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. 21 రోజుల తర్వాత మళ్లీ రాయవచ్చు.

ఇంగ్లీషు వచ్చో రాదో చూసే పరీక్షలు వేరే. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్. ఈ రెండింటి స్కోరూ రెండేళ్లే చెల్లుతుంది. టోఫెల్ రూపం, మార్కుల కొలత 2026 జనవరి నుంచి మారిపోయాయి. పాత పుస్తకాలు సగం ధరకు వస్తున్నాయని కొనిపెట్టకండి.

దేశం దాటనవసరం లేనివాళ్లకు మన ఐసెట్ ఉంది, ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. చదువులకు. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. అందులో 50 ప్రశ్నలు ఇంగ్లీషు భాషకే. ఫీజు వెయ్యి రూపాయల లోపు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మందికి నిజంగా కావలసింది ఇదే. పక్కింటి పిల్లవాడు డల్లాస్ పోయాడని తమవాణ్ణీ అక్కడికే పంపాలనే తల్లిదండ్రులకు ఈ మాట చెప్పడం కొంచెం కష్టం. అయినా చెబుతున్నాం.

అసలు చిక్కు భాషలో ఎక్కడుంది?

మెదక్‌లో మన ఇళ్లలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. వీధిలో, బడిలో తెలుగు. కాలేజీ పుస్తకం ఇంగ్లీషు, కాని దాన్ని లెక్చరర్ చెప్పేది తెలుగులో. కాబట్టి 16 ఏళ్లు చదివి డిగ్రీ చేతికొచ్చిన పిల్లవాడు ఇంగ్లీషు వాక్యం ఒకటి సొంతంగా పలికిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తెలివి లేకపోవడం వేరు, ఇది వేరు. మన ఈ నేలకు ఇది కొత్త కూడా కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా మొదలైనప్పుడు డాక్టరీ, ఇంజనీరింగ్ సైతం ఉర్దూలో చెప్పడానికి పుస్తకాలు తర్జుమా చేయించారు. అయినా విద్యార్థులందరూ ఇంగ్లీషు ఒక పాఠ్యాంశంగా తప్పనిసరిగా చదవాలన్నారు. అంతకు ముందే, 1895లో, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో హైదరాబాదు నుంచి ఇంగ్లండు పోయిన పదహారేళ్ల అమ్మాయి తర్వాత సరోజినీ నాయుడు అయింది. సొంత భాషలో ఆలోచించడం, పరాయి భాషలో పరీక్ష ఇవ్వడం, దానికి ఇంకొకరి ధనసాయం అందడం. మూడూ మన దగ్గర పాతవే.

మా బి.ఇడి. రోజుల్లో మాతృభాష ప్రభావం అనే పాఠం చదువుకున్నాం గాని, దాని అర్థం ఈ పిల్లల కాపీలు దిద్దుతుంటేనే తెలిసింది. తెలుగులోనూ, ఉర్దూలోనూ 'ఎ', 'ద' అనే ముక్కలు లేవు. అందుకని మన పిల్లలు అయితే అన్నీ వదిలేస్తారు, లేదా భయంతో ప్రతి మాట ముందూ పెడతారు. దీనికి మేము చేయిస్తున్నది చిన్న పని. ఇంగ్లీషు పేపర్‌లో ఒక పేరా తీసుకుని ఆ ముక్కలన్నీ తెల్ల సిరాతో కొట్టేసి, మర్నాడు పిల్లలనే నింపమంటాం. మూడు నెలలు రోజూ చేస్తే చెవికి అలవాటవుతుంది. సూత్రాలు వల్లించినవాళ్ల కంటే వీళ్లే బాగా రాస్తున్నారు.

రెండోది వాక్యం నడక. మనకు క్రియ చివర వస్తుంది. "నిన్న హైదరాబాదు నుంచి వచ్చిన మా మామ కొడుకు" అంటాం. వివరమంతా ముందు, మనిషి చివర. ఇంగ్లీషులో మనిషి ముందు, వివరమంతా వెనక తోకలాగా. జీఆర్‌ఈ వాక్యాల్లో ఆ తోక మూడు వరుసలు ఉంటుంది. పిల్లవాడు తోక పట్టుకుని పోయి తలను మరిచిపోతాడు. అందుకని పెన్సిలుతో మొదట కర్తకు గీత, తర్వాత దాని క్రియకు గీత, మధ్యలో ఉన్నదంతా వేలితో మూసెయ్యమంటాం. ఆ రెండు దొరికాక వేలు తియ్యాలి. 'ఆల్దో' అంటే తర్వాత ఎదురు మాట వస్తుంది, 'హెన్స్' అంటే ఫలితం వస్తుంది. ఖాళీలు నింపే ప్రశ్నల్లో సగం పని ఈ చిన్న మాటలే చేస్తాయి. అవి దొరికితే పెద్ద మాట తెలియకపోయినా ఏ వైపు వెతకాలో తెలుస్తుంది.

మూడోది మాటల అర్థం. మార్కెట్‌లో మూడు వేల పదాల జాబితాలు దొరుకుతాయి. పిల్లలు వాటిని బట్టీ పడతారు, ఒక మాటకు ఒక అర్థం. పరీక్షలో దెబ్బ తినేది మాత్రం కొత్త మాటల దగ్గర కాదు, తెలుసనుకున్న మాటల దగ్గర. 'శాంక్షన్' చూడండి. పింఛను శాంక్షన్ అయింది, లోన్ శాంక్షన్ అయింది అని మన అమ్మలకు కూడా తెలిసిన మాట. పరీక్షలో అది మంజూరు కావచ్చు, శిక్షగా వేసిన ఆంక్ష కూడా కావచ్చు. 'క్వాలిఫై' అంటే మనకు పాస్ కావడం. అక్కడ ఒక మాటను షరతులతో కుదించి చెప్పడం. 'ఫ్లాగ్' జెండా మాత్రమే కాదు, నీరసపడిపోవడం కూడా. ఒకరోజు 'హస్బెండ్' క్రియగా వస్తే ఏమిటని అడిగాం. తరగతంతా నవ్వింది. ఆడపిల్లలు మరీ ఎక్కువ నవ్వారు. పొదుపుగా వాడుకోవడం అని చెప్పాక ఒక అమ్మాయి, "అట్లయితే మా ఇంట్లో ఆ పని అమ్మీదే సార్" అన్నది. ఆ మాటను ఆ బ్యాచ్‌లో ఎవరూ మరిచిపోలేదు. అందుకే రోజుకు పది మాటలు చాలు, కాని ఒక్కొక్కటీ వాక్యంలో రావాలి. నోటు పుస్తకంలో ఇంగ్లీషు మాట, దాని కింద తెలుగులోనో ఉర్దూలోనో తమకు తోచిన భావం, దాని కింద సొంత వాక్యం. సొంత భాష వాడవద్దనే మాస్టార్లున్నారు. మేము ఒప్పుకోం. ఇంట్లో దీపం ఆర్పేసుకుని వీధి దీపం కింద వెతుక్కోవడం ఎందుకు?

మనకు మనమే తయారుచేసుకున్న ఇంగ్లీషు ఇంకొక చిక్కు. 'డిస్కస్ అబౌట్', 'ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్', 'కజిన్ బ్రదర్'. ఇవన్నీ మన ఆఫీసుల్లో చెల్లుతాయి. ఫలానా కాలేజీ నుంచి 'పాస్డ్ అవుట్' అని రాస్తే మాత్రం ఆ కాలేజీలో స్పృహ తప్పి పడిపోయాడని అమెరికా వాళ్లు అనుకోగలరు.

లెక్కల్లో మన పిల్లలు గట్టివాళ్లు, దాని గురించి ఎక్కువ రాయం. అక్కడ కూడా పోయే మార్కులు భాష వల్లనే పోతాయి. 'ఫైవ్ లెస్ దాన్ ఎక్స్' అంటే చదివిన వరుసలోనే ఐదు మైనస్ ఎక్స్ అని రాసేస్తారు. దాన్ని మనసులో "ఎక్స్ కంటే ఐదు తక్కువ" అని తెలుగు చేసుకుంటే ఎక్స్ మైనస్ ఐదు అని చేయి దానంతటదే రాస్తుంది. 'బై'కి, 'టు'కి తేడా చూడాలి. వంద రూపాయలు రెండు వందల శాతం మేరకు పెరిగితే 300, రెండు వందల శాతానికి పెరిగితే 200. అలాగే 400 నుంచి 500కు ధర పెరిగితే పెరుగుదల 25 శాతం. తిరిగి 500 నుంచి 400కు దిగితే తగ్గుదల 20 శాతమే. కిరాణా కొట్టులో కూర్చునే పిల్లలకు ఇది మా కంటే బాగా తెలుసు. ప్రశ్న ఇంగ్లీషులో కనబడితేనే మరిచిపోతారు.

వ్యాసం దగ్గర మాత్రం మాకు మొదట్లో ఆశ్చర్యం వేసింది. మంచి ఆలోచన ఉన్న పిల్లలు కూడా పది వరుసలకు మించి రాయలేదు. కారణం ఇంగ్లీషు అనుకున్నాం. కాదు, కీబోర్డు. ఫోన్ మీద బొటనవేళ్లతో గంటలకొద్దీ కొట్టేవాళ్లు కంప్యూటర్ ముందు ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నారు. ఆ 30 నిమిషాల్లో ఏదో ఒక పక్షం తీసుకుని, కారణాలు చెప్పి, ఎదుటివారి వాదనకు జవాబిచ్చి రాయాలి. పైగా అక్కడ తప్పు స్పెల్లింగును ఎత్తి చూపే సదుపాయం ఉండదు. ఇప్పుడు మొదటి నెల టైపింగే. వ్యాసం విషయాన్ని ముందు తెలుగులోనో ఉర్దూలోనో వాదించుకోమంటాం, ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. మగ్‌రిబ్ నుంచి ఇషా వరకు గది దద్దరిల్లిపోతుంది. వాదన తేలాకనే కీబోర్డు. రెడీమేడ్ వ్యాసాలు అప్పజెప్పడం మాన్పించడానికి మాకు దొరికిన దారి ఇది ఒక్కటే.

మాట్లాడే పరీక్షకు యాస పెట్టనక్కర లేదు. లండన్ యాసలో మాట్లాడబోయి మాటలు మింగే పిల్లలకు మార్కులు పోతున్నాయి. 'స్కూల్'ను 'ఇస్కూల్' అనడం మాన్పిస్తాం, అంతే. స్పష్టంగా, ఆగి ఆగి కాకుండా చెబితే చాలు. ఐఈఎల్‌టీఎస్‌లో ఒక అంశం చేతికిచ్చి ఒక్క నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాలు మాట్లాడమంటారు. మా తరగతిలో రోజూ ఒకరు నిలబడి ఆ రెండు నిమిషాలు మాట్లాడాలి. మన ఖిల్లా గురించి, ఘనపూర్ ఆనకట్ట గురించి, 1924లో పూర్తయిన మన చర్చి గురించి, 2022లో మన ఊరికి వచ్చిన రైలు గురించి. తెలిసిన ఊరి గురించి చెప్పేటప్పుడు భయం సగం పోతుంది. ఎప్పుడూ కొత్తవాళ్లతో మాట్లాడి ఎరగని ఒక అమ్మాయి మొదటి వారం గోడ వైపు తిరిగి చెప్పింది. నాలుగో వారం మా వైపు తిరిగింది.

జీఆర్‌ఈ ఇంటి నుంచి కూడా రాయవచ్చు కదా, ఆడపిల్లలకు హైదరాబాదు ప్రయాణం తప్పుతుంది అని కొందరు పెద్దలు అడిగారు. రాయవచ్చు. కాని తలుపు మూసిన గది ఒకటి కావాలి, రెండు గంటలు ఎవరూ లోపలికి రాకూడదు, కరెంటు పోకూడదు, నెట్ ఆగకూడదు. మన రెండు గదుల ఇళ్లలో, చిన్న పిల్లలు తిరిగే చోట, ఇది జరిగే పని కాదు. అన్ననో తండ్రినో వెంటబెట్టి కేంద్రానికే పంపండి.

ఇక డబ్బు. మైనారిటీ విద్యార్థుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం కింద 20 లక్షల రూపాయల వరకు, ఒకవైపు విమాన ఖర్చూ ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం మార్కులుండాలి, పైన చెప్పిన పరీక్షల స్కోరు ఉండాలి. అందరికీ వస్తుందని అనుకోవద్దు, ఎంపిక ఉంటుంది. ఇంకొకటి చాలామందికి తెలియదు. మొదటి విడత డబ్బు అక్కడికి చేరాక, రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితం చూపాక. అంటే విమానం ఎక్కేవరకు ఖర్చంతా ఇంటివాళ్లే భరించాలి. ఉన్న ఇల్లు కుదువపెట్టి పిల్లవాణ్ణి పంపి, స్కాలర్‌షిప్పు జాబితాలో పేరు రాక ఇబ్బంది పడుతున్న కుటుంబాన్ని మాకు తెలుసు. జాబితా వచ్చాకనే అప్పు సంగతి ఆలోచించమని ప్రతి తండ్రికీ చెబుతున్నాం. అన్నీ ఉచితంగా చేసిపెడతామని పిల్చి, పేరు కూడా వినని కాలేజీలో చేర్పించే కన్సల్టెన్సీల విషయంలోనూ జాగ్రత్త.

దాతల్లో కొందరు, ఒక్కొక్కరికి కోచింగ్ ఫీజు కట్టి హైదరాబాదు పంపితే పోదా అంటున్నారు. మంచి మనసుతో అన్నమాటే. కోచింగ్‌లో నేర్పేది పరీక్ష కిటుకులు. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేవాళ్లకు అవి పనికివస్తాయి. మన పిల్లలకు ముందు ఆరు నెలలు చదవడమే కావాలి, అది మెదక్‌లోనే అవుతుంది. పరీక్ష నిర్వాహకులే ఇచ్చే ఉచిత నమూనా పరీక్షలున్నాయి, వాటితో మొదలుపెడితే చాలు. కాబట్టి మీరిచ్చేది ఈ వరుసలో వాడాలని కమిటీని కోరాం. పాస్‌పోర్టులు, కీబోర్డులు, ఇంగ్లీషు పేపర్ చందా, ఆ తర్వాత పరీక్ష ఫీజు, అందులోనూ రెండోసారి రాయవలసి వచ్చినవాళ్ల ఫీజు. రెండోసారికి ఎవరూ ఇవ్వరు. మొదటిసారి కొద్దిలో పోయిన పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. ఇప్పుడు ఉన్నవి రెండు పాత కంప్యూటర్లు. ఇంకొక రెండు ఉంటే, రంజాన్ నెలలో తరగతిని ఫజర్ తర్వాతకు మార్చినప్పుడు కూడా అందరికీ వంతు అందుతుంది.

మొదట చెప్పిన అబ్బాయి మూడు నెలల తర్వాత మళ్లీ రాశాడు. ఆ ఫీజు మా తప్పుకు పరిహారంగా మేము ముగ్గురు టీచర్లం వేసుకున్నాం. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి, ఇంగ్లీషులో మధ్యస్తం. స్కాలర్‌షిప్పు జాబితాలో ఆ ఏడు పేరు రాలేదు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, ఆదివారం మెదక్ రైలెక్కి వచ్చి కొత్తవాళ్లకు టైపింగ్ నేర్పుతున్నాడు. స్కోరుకు ఇంకా మూడేళ్లకు పైగా గడువుంది. ఈ ఏడు చేరినవాళ్ల ఫారాలు వాడే నింపించాడు. మేము పక్కన కూర్చుని పాస్‌పోర్టులు పట్టుకుని ఒక్కో అక్షరం పైకి చదివాం.